మరణశయ్య మీద దొరికిన కృప: మరి బాధపడినవారి లెక్క?

మూసిన_కిటికీ | సోమవారం, రాత్రి 10:42

అందరికీ వందనాలు. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను.

మూడు వారాల క్రితం మా నాన్న చనిపోయారు. నాకు పదకొండేళ్లప్పుడు ఇల్లు వదిలి వెళ్లిపోయిన మనిషి. వెళ్లకముందు ఇంట్లో ఏం జరిగేదో వివరంగా రాయను. అమ్మకు ఎడమ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు, అంతవరకు తెలిస్తే చాలు. ఇరవై నాలుగేళ్ల తర్వాత జబ్బుతో తిరిగి వచ్చారు. చివరి నాలుగు నెలలూ అమ్మే చూసుకుంది. ఆఖరి నెలలో ఆయన మారుమనస్సు పొందానన్నారు, మంచం మీదే బాప్తిస్మం తీసుకున్నారు. భూస్థాపన రోజున బోధకుడు యేసు పక్క సిలువ మీది దొంగ గురించి ప్రసంగించారు. 'ఆఖరి గడియలో కూడా ఎంత కృప!' అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నాకు నోరు పెగల్లేదు.

నేను విశ్వాసం వదిలేసినదాన్ని కాను. పన్నెండేళ్లుగా సండే స్కూల్లో పిల్లలతో ఎఫెసీయులకు 2:8 వల్లె వేయిస్తున్నాను: 'మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు.' కృపను తీసేస్తే క్రైస్తవంలో మిగిలేది నీతిపాఠాల పుస్తకమేనని నాకు తెలుసు. నా ప్రశ్న అది కాదు. ఆయన అప్పు కొట్టివేశారు, సంతోషం. కానీ అప్పు పడింది మా అమ్మకు కదా. కొట్టివేసేటప్పుడు ఆమెను ఒక్క మాట అడిగినవారున్నారా?

క్షమించమని చెప్పే వచనాలు దయచేసి పంపవద్దు. అవన్నీ నాకు కంఠతా వచ్చు.

దీపస్తంభం | సోమవారం, రాత్రి 10:58

సహోదరీ, హెబ్రీయులకు 12:15 ధ్యానించండి. కృపను పొందకుండా తప్పిపోవడం గురించి, చేదైన వేరు గురించి ఒకే వచనంలో ఉంది. మీ హృదయంలో ఆ వేరు మొలవకుండా చూసుకోండి. మత్తయి 6:15 కూడా.

చింతాకు | సోమవారం, రాత్రి 11:03

దీపస్తంభం గారూ, ఆమె రాసినదాంట్లో చివరి రెండు వాక్యాలు చదివాకే రాశారా?

సుంకరి | సోమవారం, రాత్రి 11:47

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా సంఘకాపరిగా ఉండి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ నాన్నగారి భూస్థాపనలో వినిపించిన ప్రసంగం నేనూ ఎన్నోసార్లు చేశాను. అదే దొంగ, అదే ఆఖరి గడియ. బహుశా ప్రతిసారీ వెనక బెంచీలో మీలాంటివారు ఒకరు కూర్చునే ఉంటారు. నేను చూడలేదు.

ఆ దొంగ కథను మళ్లీ చదివాను. 'నన్ను జ్ఞాపకము చేసికొనుము' అనడానికి ముందు అతను ఇంకో మాట అంటాడు. లూకా 23:41. మనకు ఇది న్యాయమే, చేసినవాటికి తగిన ఫలం పొందుతున్నాం అని. మేము ప్రసంగాల్లో ఈ వచనాన్ని పరుగున దాటేసి, 43లోని పరదైసు దగ్గర ఆగుతాం. అతనికి కృప దొరికింది, నిజమే. కానీ ఆ కృప అతన్ని సిలువ మీదనుంచి దించలేదు. సాయంత్రం సైనికులు వచ్చి కాళ్లు విరగగొట్టారు (యోహాను 19:32). దించమని అతను అడగనూ లేదు. తాను చేసింది తప్పు కాదని కృప చెప్పలేదు, చేసిందేమిటో అతని నోటితోనే చెప్పించింది.

మీరడిగినదానికి ఇది జవాబు కాదు, తెలుసు. అతని చేతిలో దెబ్బతిన్నవారు ఆ గుంపులో ఉన్నారో లేదో లూకా రాయలేదు. ఉంటే ఆ మాట విని ఏమనుకునేవారో అని ఇవాళ మొదటిసారి ఆలోచించాను.

మూసిన_కిటికీ | మంగళవారం, ఉదయం 6:15

అయ్యగారూ, 41వ వచనం ఉందని తెలుసు, కానీ ఇలా చూడలేదు. మా నాన్న ఆ మాట అనలేదు. 'దేవుడు నన్ను క్షమించాడు' అని మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పారు. పక్క గదిలో ఉన్న అమ్మకు అది వినపడేది. కుడి చెవితో.

ప్రశ్నార్థకం | మంగళవారం, ఉదయం 9:20

నేను క్రైస్తవుణ్ణి కాను. ఈ వేదికలో తత్త్వచర్చలు చదవడానికి వస్తుంటాను. తప్పుగా మాట్లాడితే మన్నించండి.

చేసిన కర్మ అనుభవించక తప్పదనే మాట వింటూ పెరిగాను. మీ కృపలో ఆ కర్మఫలం ఎటు పోతుంది? ఆవిరైపోతుందా, ఎవరో ఒకరి నెత్తిన పడుతుందా? ఇంకో సందేహం. శ్రీవైష్ణవంలో ఒక పాత తగవు ఉంది. పిల్లి తన కూనను నోట కరచుకుని తీసుకుపోతుంది, కూన చేయవలసిందేమీ లేదు. కోతిపిల్ల మాత్రం తల్లి పొట్టను తానే పట్టుకోవాలి. దేవుడి దయ పిల్లి పద్ధతా, కోతి పద్ధతా అని మార్జాల, మర్కట న్యాయాల పేరుతో శతాబ్దాలుగా వాదించుకున్నారు. మీలోనూ ఇలాంటిది ఉందా?

గోధుమగింజ | మంగళవారం, ఉదయం 10:05

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబిస్తాను. ఉంది, అచ్చం అదే తగవు!

అయిదో శతాబ్దం మొదట్లో పెలగియస్ అనే సన్యాసి రోములో ఉండేవాడు. బిషప్పు అగస్టీను రాసిన ఒక ప్రార్థన అతని చెవిన పడింది. 'నీవు ఆజ్ఞాపించేదాన్ని నాకు అనుగ్రహించు, ఆపైన నీకిష్టమైనది ఆజ్ఞాపించు' అని దాని భావం. పెలగియస్‌కు ఒళ్లు మండింది. ఇలా మాట్లాడితే మనుషులు బద్ధకస్తులవుతారు, మంచిగా బతికే శక్తి దేవుడు పుట్టుకతోనే ఇచ్చాడు కదా అన్నాడు. అగస్టీను ఒప్పుకోలేదు. మన చిత్తానికే జబ్బు చేసింది, పట్టుకోవాల్సిన చెయ్యే చచ్చుబడి ఉంది, ఆ చేతిని బాగుచేసేదే కృప అన్నాడు. 418లో కార్తేజి సభ పెలగియస్ బోధను ఖండించింది. మొదటి అడుగు మనిషిది, తర్వాత దేవుడు చేయి కలుపుతాడు అనే మధ్యేమార్గం కూడా చెల్లదని 529లో ఆరెంజి సభ తేల్చింది. మొదటి అడుగు కూడా కృపదే. కాల్విన్ బాటలో నడిచే మా సంస్కరణ సంఘాలు పూర్తిగా పిల్లి పక్షం. వెస్లీ అనుచరులైన మెథడిస్టులు, మనిషి స్పందించకముందే కృప అందరినీ తాకి స్పందించే శక్తినిస్తుంది, కాదనే స్వేచ్ఛ మాత్రం మనిషికి ఉంటుంది అంటారు. కోతిపిల్లకు చేతులిచ్చింది కూడా తల్లే అన్నట్టు.

మొదటి ప్రశ్న. ఫలం ఆవిరైపోదు. సిలువ మీద దేవుడే దాన్ని భరించాడు. రోమీయులకు 3వ అధ్యాయంలో పౌలు చెప్పేది అదే: దేవుడు నీతిమంతుడుగానే ఉండి, యేసునందు విశ్వసించేవాణ్ణి నీతిమంతుడుగా తీర్చాడు.

మూసిన_కిటికీ గారూ, మీ బాధను నేను తేలిక చేయడం లేదు. కానీ ఒక్క జాగ్రత్త. 'అమ్మకు క్షమాపణ చెప్పి ఉంటేనే ఆయన రక్షణ చెల్లుతుంది' అన్నామంటే షరతు పెట్టినట్టే. షరతు పెట్టాక అది జీతమవుతుంది, కృప కాదు. రోమీయులకు 6:23లో ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి: 'పాపమువలన వచ్చు జీతము మరణము, అయితే దేవుని కృపావరము' నిత్యజీవం.

మూసిన_కిటికీ | మంగళవారం, ఉదయం 10:31

గోధుమగింజ గారూ, ఆయన రక్షణ చెల్లకూడదని నేనెక్కడా అనలేదు. ఆయన పరలోకంలో ఉంటే ఉండనివ్వండి. దేవునికి పడిన బాకీ దేవుడు భరించాడు, బాగుంది. అమ్మ చెవిని ఎవరు భరించారు? అమ్మే.

ఒలీవకొమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:12

నేను కతోలికురాలిని. ఇక్కడ మావాళ్లు తక్కువ కాబట్టి సాధారణంగా మౌనంగా ఉంటాను.

అక్కా, మీరు అడుగుతున్నదానికి మా దగ్గర ఒక పాత పద్ధతి ఉంది. పాపసంకీర్తనంలో గురువు ప్రాయశ్చిత్తం విధించి పాపవిమోచనం ఇస్తారు. దొంగిలించినదుంటే తిరిగి ఇవ్వాలి. ఒకరి పరువు తీసి ఉంటే ఆ పరువును నిలబెట్టడానికి ప్రయత్నించాలి. క్షమాపణను కొనుక్కోవడానికి కాదు. పాపం దేవునితో బంధాన్ని తెంచడమే కాకుండా పక్క మనిషికి గాయం చేస్తుంది, మొదటిది క్షణంలో అతుక్కోవచ్చు కానీ రెండోదానికి మందు వేయాలి. చనిపోయాక కూడా శుద్ధీకరణ ఉంటుందని మేము నమ్మడం వెనుక ఇదే ఆలోచన ఉంది. క్షమించబడినవాడు ఇంకా బాగుపడవలసి ఉండవచ్చు.

కతోలికులు క్రియలతో రక్షణ సంపాదించుకుంటారని ఇక్కడ తరచూ రాస్తుంటారు. 1547 జనవరిలో మా సంఘపు ట్రెంట్ మహాసభ నీతిమత్వం మీద ఇచ్చిన శాసనంలో మొట్టమొదటి నిబంధనే, దేవుని కృప లేకుండా తన సొంత క్రియలతో మనిషి నీతిమంతుడు కాగలడన్న మాటను ఖండించింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ల ప్రపంచ సమాఖ్య, మా సంఘం ఇదే విషయం మీద కలిసి సంతకం చేసిన ప్రకటన కూడా ఉంది. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంఘాల సమాఖ్య అందులో చేరారు. తేడాలన్నీ పోలేదు. కానీ కృపే మొదలన్న దగ్గర కొట్లాట లేదు.

గోధుమగింజ | మంగళవారం, మధ్యాహ్నం 1:40

ట్రెంట్ మొదటి నిబంధన చెప్పారు, తొమ్మిదోది చెప్పలేదు. విశ్వాసంచేత మాత్రమే అన్న మాటను అదే సభ ఖండించింది కదా. మరి ముందుగా నిర్ణయించబడినవారి సంగతి...

నిర్వాహకుడు | మంగళవారం, మధ్యాహ్నం 1:44

ముందస్తు నిర్ణయం (ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడా అన్నది) మీద ఈ వేదికలో ఇప్పటికే పదకొండు చర్చలున్నాయి, ఏ ఒక్కటీ పూర్తికాలేదు. 1597లో డొమినికన్లు, జెసూట్లు అనే రెండు కతోలిక సన్యాసి సంఘాలవారు ఇదే తగవుతో రోముకు వెళితే, పదేళ్లు విని, తీర్పు చెప్పకుండానే 1607లో పోపు ఇద్దరినీ ఇంటికి పంపాడు. నేనూ అదే చేస్తున్నాను. ఇక్కడ అడిగిన ప్రశ్న వేరు, దాని దగ్గరే ఉండండి.

పాతపెన్ను | మంగళవారం, సాయంత్రం 5:30

భాష వైపునుంచి ఒక మాట. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

గాబ్రియేలు మరియతో అన్న మొదటి పలకరింపు మన పాత అనువాదంలో 'దయాప్రాప్తురాలా' అని ఉంది. కతోలికుల జపంలో అదే మాట 'దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా'. గ్రీకు మూలంలోని మాట 'ఖారిస్' నుంచి పుట్టింది. ఆ ఖారిస్‌నే పౌలు పత్రికల్లో మనం 'కృప' అని చదువుతాం. ఒకే మొక్కకు దయ, వరప్రసాదం, కృప అని మూడు పేర్లు పెట్టుకుని, ఏ సంఘం పెరట్లో ఆ పేరుతో నీళ్లు పోస్తున్నాం.

దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. 136వ కీర్తనలో ప్రతి వచనం చివరా వచ్చే 'ఆయన కృప నిరంతరముండును' లోని కృప వేరే మొక్క. హెబ్రీలో అది 'హెసెద్'. ఒప్పందం చేసుకున్నవాడు మాట తప్పకుండా అంటిపెట్టుకుని ఉండే ప్రేమ. ఉచితంగా ఇచ్చేయడం కంటే 'వదలకపోవడం' అనేది అందులో ఎక్కువ. హెబ్రీ లేఖనాలను గ్రీకులోకి తెచ్చినవారు కూడా హెసెద్‌కు ఎక్కువ చోట్ల ఖారిస్ వాడలేదు, కనికరమనే అర్థం వచ్చే 'ఎలెయొస్' వాడారు. తెలుగులో రెండూ కృపే అయ్యాయి. నష్టమా లాభమా అంటే, నాకు లాభమే అనిపిస్తుంది. కృప అనగానే రద్దు చేసిన పద్దు ఒక్కటే కాకుండా 'కృపాక్షేమములే నా వెంట వచ్చును' కూడా మన చెవిలో మోగుతుంది.

ఖారిస్‌కు ఆ కాలపు గ్రీకు, రోమా సమాజంలో ఇంకో వాసన కూడా ఉంది. అది దాత ఇచ్చే మేలుకూ పేరే, పుచ్చుకున్నవాడి కృతజ్ఞతకూ పేరే. కానుక చేతులు మారుతూ తిరిగేది. తగినవాడికి ఇవ్వాలి, పుచ్చుకున్నవాడు మరచిపోకూడదు. జాన్ బార్క్లే అనే పరిశోధకుడు దీని మీద చాలా పని చేశాడు. పౌలు కొత్తదనం, ఆ కానుకను ఏ యోగ్యతా లేనివారికి ఇచ్చాడనడంలో ఉంది, పుచ్చుకున్నవాడు ఏమీ చేయనక్కర్లేదనడంలో కాదు అంటాడు. 'ముందు షరతు లేదు' అన్నది ఒకటి, 'తర్వాత బాధ్యత లేదు' అన్నది ఇంకొకటి. రెంటినీ మనం ఉచితం అనే ఒకే సంచిలో వేస్తున్నాం. మూసిన_కిటికీ గారిని బాధపెట్టింది ఆ సంచే అని నా అనుమానం.

ప్రశ్నార్థకం | మంగళవారం, సాయంత్రం 5:52

ఇది నాకు బాగా అందింది. ధన్యవాదాలు.

చింతాకు | మంగళవారం, రాత్రి 8:15

ఒక మనిషి కథ చెబుతాను. జాన్ న్యూటన్. కృప మీద ప్రపంచమంతా పాడే 'అమేజింగ్ గ్రేస్' రాసినవాడు. 1748 మార్చిలో సముద్రం మీద తుపానులో దేవునికి మొరపెట్టుకున్నాడు, ఆ రోజునే తన మారుమనస్సు దినంగా ఏటా గుర్తుచేసుకునేవాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ తర్వాత ఏం చేశాడు? బానిసల ఓడలకు కెప్టెన్ అయ్యాడు! మనుషులను గొలుసులతో కట్టి అడుగు అరలో పడుకోబెట్టి, పైన తన గదిలో బైబిలు చదువుకున్నాడు. 1754లో మానేశాడు, అదీ మనస్సాక్షి గుచ్చి కాదు, ఆరోగ్యం చెడి. బోధకుడయ్యాడు, 1773 నూతన సంవత్సర ఆరాధన కోసం ఆ పాట కట్టాడు. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా, తాను చూసినదీ చేసినదీ ఒప్పుకుంటూ కరపత్రం అచ్చువేసింది 1788లో. తుపానుకు నలభై ఏళ్ల తర్వాత.

దీన్ని రెండు రకాలుగా చదవవచ్చు. కృప పట్టు వదలకుండా నలభై ఏళ్లు పనిచేసింది అనవచ్చు. లేదా, ఆ మొదటి ఆరేళ్లూ ఓడ అడుగున ఉన్నవారికి కెప్టెన్ మారుమనస్సు వల్ల ఒరిగిందేమిటి అని అడగవచ్చు. నాకు ఆ పాటంటే ప్రాణం. కానీ రెండో ప్రశ్న పక్కన పెట్టి ఇప్పుడు పాడలేను.

అక్కా, మీ నాన్నగారికి నలభై ఏళ్లు దొరకలేదు, నెల దొరికింది. ఆయన తన 1748లోనే పోయారనుకుంటాను. 1788 దాకా రాలేదు.

దీపస్తంభం | మంగళవారం, రాత్రి 8:40

నిన్న తొందరపడి రాశాను. క్షమించండి సహోదరీ. వచనాలు అందించడం సేవ అనుకునే అలవాటు.

అయితే చింతాకు గారూ, 1788 దాకా రాలేనివాడి సంగతేమిటి మరి? పక్షవాతంతో నోరు పడిపోయినవాడు, కుటుంబం మొత్తం ముందే పోయినవాడు? కృప అన్నది బాగుపడినవారికి ఇచ్చే పతకమైతే మనలో ఎవరికి దక్కుతుంది? మరణానికి ముందు సంస్కర్త లూథర్ రాసిన చీటీలో, 1546లో, 'మేము బిచ్చగాళ్లం, ఇది నిజం' అని ఉంది. జీవితమంతా కృపను బోధించినవాడు చివరికి ఖాళీ చేతులే చూపించాడు. నాకు అంతకు మించి తెలియదు.

చింతాకు | మంగళవారం, రాత్రి 8:49

ఇది మంచి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

నీడ | బుధవారం, తెల్లవారుజాము 2:20

ఈ చర్చను రెండు రాత్రులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఇప్పుడు రాస్తున్నాను. నేను మూసిన_కిటికీ గారి వైపు మనిషిని కాను. ఆమె నాన్న వైపు మనిషిని.

తాగుడు మాని తొమ్మిదేళ్లయింది. మానకముందు నా భార్యకు, కొడుక్కి ఏం చేశానో నాకు తెలుసు. రక్షించబడిన కొత్తలో సాక్ష్యం చెప్పమని సంఘాలు పిలిచేవి. వెళ్లి చెప్పేవాణ్ణి. నా పాత పాపాలు ఎంత నల్లగా చెబితే అంత గట్టిగా స్తోత్రాలు వినిపించేవి. ఒకరోజు చెబుతుండగా, ఈ కథలో నా భార్య ఏడుపు నాకు అలంకారమైపోయిందని అర్థమైంది. అది ఆమె ఏడుపు. ఆమెను అడగకుండా మైకు ముందు వాడుకుంటున్నాను. ఆ తర్వాత సాక్ష్యం చెప్పడం మానేశాను.

నాజీల చేతిలో 1945 ఏప్రిల్‌లో ఉరితీయబడిన జర్మన్ బోధకుడు బోన్‌హాఫర్ చవక కృప అనే మాట వాడాడు. పశ్చాత్తాపం అడగని క్షమాపణ, మనకు మనమే మంజూరు చేసుకునే కృప అని. చదివినప్పుడు ఆ మాట నా మొహం మీద కొట్టింది. కానీ కృపను ఖరీదు చేద్దామని నేనేమీ త్యాగాలు చేయలేదు. జరిగింది వేరు. అంతకుముందు ఎప్పుడు తప్పు ఒప్పుకోవాలన్నా పక్కనే ఒక సాకు నిలబడేది. మా నాన్న అలాంటివాడు, ఉద్యోగం పోయింది, ఆమె కూడా మాటలంది. సాకు వదిలేస్తే నేను మొత్తంగా చెడ్డవాణ్ణయిపోతాననే భయం. దేవుడు నన్ను ఆ చెడ్డవాడిగానే తీసుకున్నాడని నమ్మిన రోజున సాకులతో పని లేకుండా పోయింది. అప్పుడు కొడుక్కి ఉత్తరం రాశాను. చేసినవి మాత్రమే, ఒక్కొక్కటీ, 'కానీ' లేకుండా. మూడేళ్లయింది. జవాబు రాలేదు. జవాబు నాకు హక్కు కాదు. అతను కోపంగా ఉండటం నా మీద దేవుని కృపకు అడ్డం కాదు, నామీది కృప అతని కోపానికి అడ్డం రాకూడదు.

అమ్మా, మీ నాన్నగారు సాకు వదిలేంత దూరం వచ్చారో లేదో నాకు తెలియదు. 'దేవుడు నన్ను క్షమించాడు' అనే మాట కొత్తలో నాకు కూడా దాక్కునే చోటుగానే ఉండేది. బయటికి రావడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

మూసిన_కిటికీ | బుధవారం, ఉదయం 6:40

నీడ గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. మీ మీద కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఎందుకో చెప్పలేను.

సుంకరి | బుధవారం, ఉదయం 11:10

51వ కీర్తన నా ఉద్యోగమంతా నాకు ఇబ్బందే. బత్షెబ విషయం జరిగాక దావీదు రాజు రాసినదని పై వాక్యంలో ఉంటుంది. ఆమె భర్త ఊరియాను కూడా చంపించాడు. లోపల మాత్రం 'నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను' అంటాడు. ఒకసారి ఒక విశ్వాసురాలు లేచి 'అయ్యగారూ, మరి ఊరియాకు?' అని అడిగింది. ఏదో చెప్పి దాటేశాను. దావీదును నిలదీసిన ప్రవక్త నాతాను మాత్రం దాటేయలేదు. 'యెహోవా నీ పాపమును పరిహరించెను' అన్న ఆ నోటితోనే, నీ ఇంటినుంచి కత్తి తొలగదు అన్నాడు (2 సమూయేలు 12). క్షమాపణ, పర్యవసానం రెండూ ఒకే ప్రవచనంలో ఉన్నాయి. ఒకటి రెండోదాన్ని కొట్టేయలేదు. పైగా మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో, యేసు వంశావళి రాస్తూ, బత్షెబను పేరుతో పిలవకుండా 'ఊరియా భార్యగానుండిన ఆమె' అంటాడు. వెయ్యేళ్ల తర్వాత కూడా ఊరియా పేరు కొట్టివేతకు గురికాలేదు! కృప వంశావళిలోనే ఆ పేరు నిలిచింది.

మత్తయి 20లో, ఆఖరి గంటలో వచ్చినవారికీ రోజంతా పనిచేసినవారితో సమానంగా కూలి ఇచ్చిన ద్రాక్షతోట కథ కూడా అందరూ మీలాంటివారి మీదికి విసురుతారని తెలుసు. 'నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?' అంటాడు యజమాని. గ్రీకులో 'నీ కన్ను చెడ్డదా' అని ఉంటుంది, మనవాళ్లు తెలుగువాళ్లకు తగినట్టు కడుపుమంట చేశారు. కానీ ఆ కథలో ఆఖరి గంటలో వచ్చిన కూలీ మొదటి గంట కూలీని కొట్టినవాడు కాదు. మీ కథ అది కాదు. ఎవరైనా విసిరితే పట్టుకోకండి.

మీకు దగ్గరగా ఉన్నది లూకా 15లో పెద్దకొడుకు. ఇల్లు వదిలిపోయి తిరిగివచ్చిన చిన్నవాడి కోసం తండ్రి పరుగెత్తాడని అందరం చెబుతాం. పెద్దవాడు కోపంతో బయటే నిలబడ్డప్పుడు కూడా తండ్రి విందు వదిలి 'వెలుపలికి వచ్చి' బతిమాలాడు. వాడి కోపాన్ని తప్పని తిట్టలేదు. వాడు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు. ఆ భూస్థాపన రోజున మేమందరం లోపల విందులో ఉన్నాం. వెలుపలికి రావలసినవాళ్లం రాలేదు. అది తండ్రి తప్పు కాదు, మాది.

ఒలీవకొమ్మ | బుధవారం, మధ్యాహ్నం 12:05

ఆమేన్. ఈసారి మనస్ఫూర్తిగా.

గోధుమగింజ | బుధవారం, మధ్యాహ్నం 3:33

నిన్న షరతు గురించి రాసినదాన్ని వెనక్కి తీసుకోను, కానీ దానికి ఒక జోడింపు ఉంది. ఎఫెసీయులకు 2:8, 9 మనకు కంఠతా వచ్చు, అక్కడే ఆపేస్తాం. పదో వచనం, సత్‌క్రియలు చేయడానికే సృష్టించబడ్డామని చెబుతుంది. లూథర్ 1517లో రాసిన 95 వాదాల్లో మొదటిది కూడా, విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలని క్రీస్తు ఉద్దేశమని. ఒక్క రోజు కార్యక్రమం అనలేదు. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య దగ్గర వరుస చూడండి. యేసు ముందు అతని ఇంటికి వస్తానన్నాడు. షరతు పెట్టలేదు. తర్వాత జక్కయ్య లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. ఎవరూ అడగలేదు. నాలుగంతలు ముందుకు తెచ్చామంటే కృప పోతుంది. అసలు లేకుండా చేశామంటే, ఇంటికి వచ్చినవాడు యేసేనా అని అనుమానించాలి.

మూసిన_కిటికీ | గురువారం, రాత్రి 9:50

నిన్న రాత్రి మొదటిసారి అమ్మను అడిగాను. 'నాన్న నిన్ను క్షమాపణ అడిగారా?' అని. లేదంది. కాసేపాగి, 'నన్ను ఎవరూ అడగలేదు, ఇప్పుడు నువ్వే అడిగావు' అంది. తర్వాత తానే మాట్లాడింది. చాలాసేపు. నాకు తెలియనివి కూడా చెప్పింది. 'ఆయన్ని దేవుడు ఉంచుకుంటే ఉంచుకోనీ. ఆయన దేవుడి దగ్గర ఉంటే అక్కడైనా అబద్ధం చెప్పలేడు కదా' అంది. ఆ మాటకు నవ్వాను. తనూ నవ్వింది.

క్షమించానో లేదో నాకు తెలియదు. ఆమేన్ ఇంకా అనలేదు.

వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడిక ఉంది. వాక్యపఠనం నాకిచ్చారు. లూకా 23 చదవమన్నారు. లూకా 19 చదువుతానని చెప్పాను. ఎందుకని బోధకుడు అడిగితే జక్కయ్య అన్నాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి సరే అన్నారు. అమ్మ ముందు వరుసలో కుడివైపు కూర్చుంటానంది.

సుంకరి | గురువారం, రాత్రి 10:02

ఎనిమిదో వచనం దగ్గర ఆపేయకండి అమ్మా. పదో వచనం వరకు చదవండి.

మూసిన_కిటికీ | గురువారం, రాత్రి 10:04

చదువుతాను అయ్యగారూ. ఎనిమిది దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా చదువుతాను.